ఇద్దరిలో ఒకరు

రాయపురం, మదరాసు
12-2-1955

తమ్ముడు యతిరాజులుకు అక్క రాజలక్ష్మి ఆశీస్సులు.

నువ్వు పంపిన కాగితాలు అందాయి. స్వామి దయవల్ల ఇక్కడ కుదురుగానే ఉన్నాం. బళ్లో పిల్లల ఇంగ్లీషు కాగితాలు దిద్దిన చేత్తోనే నీవీ దిద్దాను. మా మొదటి ఫారం పిల్లలే నీకంటే నయమని చెప్పను. చెబితే చదువు మానేస్తావు.

నీ తప్పులన్నీ ఒక్కచోటే ఉన్నాయి. గుంపులో ఉన్నవాటిని విడివిడిగా చెప్పాల్సి వచ్చినప్పుడు తడబడుతున్నావు. ‘ఈచ్ వ్యాగన్స్ ఆర్ సీల్డ్’ అని రాశావు. ‘ఈచ్’ అన్నావంటే ఒక్కో వ్యాగను ముందూ ఆగి చూశావని. చూసేది ఒక్కదాన్నే కాబట్టి ఆ మాట తర్వాత ఏకవచనమే. ‘ఈచ్ వ్యాగన్ ఈజ్ సీల్డ్.’ ‘ఎవ్రీ’ అంటే ఒక్కటీ వదలకుండా అన్నీ. అదీ ఏకవచనమే, కానీ రెండింటికి ‘ఎవ్రీ’ రాదు. రెండే ఉంటే, కలిపి చెప్పడానికి ‘బోత్’, విడివిడిగా చెప్పడానికి ‘ఈచ్’. యార్డులో బండి పొడుగునా నడుస్తూ ఒక్కో వ్యాగను నంబరూ రాసుకునే ఉద్యోగం నీది. నీకిది పట్టుబడకపోవడమేమిటి?

నీ కూతుళ్లనే గుర్తు పెట్టుకో. అలమేలు, మంగ. ‘బోత్ ఆర్ ఇన్ ది థర్డ్ క్లాస్. ఈచ్ హాజ్ ఎ స్లేట్.’ ఇద్దరూ కలిసి ఒకే తరగతి, ఎవరి పలక వారిదే.

పక్కింటి పచ్చయమ్మ నిన్న ఇద్దర్నీ వాకిట నిలబెట్టి జడలు వేసింది. చేపలమ్మి వచ్చిన చేతులు కడుక్కుని మరీ. “ఏమక్కా, ఒకటే గుడ్డ, ఒకటే మొగం. ఈళ్లల్లో తప్పు చేసింది ఎవురో తెలీక, కొట్టాల్సినప్పుడు ఇద్దర్నీ ముద్దుపెట్టుకుని పోతా ఉండా” అంది.

జూన్‌లో పరీక్ష. అది గట్టెక్కితే గుమాస్తా పని, దానితో క్వార్టర్సు, అప్పుడు పిల్లల్ని తీసుకుపోతానన్నావు. వేదవల్లి పోయిన నాటినుంచి నా దగ్గరే పెరిగారు. నాకు బరువు కాదు. అయినా తండ్రి దగ్గర ఉండవలసిన పిల్లలు. అందుకే ఇంత పట్టుగా దిద్దుతున్నాను.

అక్క


ఖరగ్‌పూర్
27-2-1955

పెద్దక్కకు నమస్కారాలు.

నీ ఎర్ర సిరా చూసి ఈడ అందరూ నవ్వినారు. నవ్వినవాళ్లకు నాకంటే ఎక్కువ వచ్చని కాదు. నాతో పరీక్షకు కూర్చునే కామేశం అని విజయనగరం మనిషి ఉన్నాడు. వాడికి ‘ఎవ్రీ’ తప్ప ఇంకో మాట రాదు. మొన్న యార్డు ఫోర్మన్‌ దగ్గర సెలవు అడుగుతూ ‘సార్, ఎవ్రీ మై వైఫ్ ఈజ్ సిక్’ అన్నాడు. బయటికొచ్చాక “ఎంతమంది రా నీకు?” అంటే మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

నువ్వు చెప్పినట్టే పిల్లల్ని పెట్టుకుని రాశాను, చూడు. ‘బోత్ మై డాటర్స్ ఆర్ ఇన్ మద్రాస్. వన్ ఆఫ్ మై డాటర్ ఈజ్ థిన్.’ బాగుందా?

ఆ బక్కబిడ్డ ఎట్లా ఉంది? పుట్టినప్పుడు ఒకరు గట్టిగా ఏడ్చారు, ఒకరు ఏడవనేలేదు. మంత్రసాని తలకిందులు చేసి వీపు తట్టింది. అమ్మవారి పేరు ఒక్కటే అనుకుని ఉంటిమి, ఇద్దరయ్యేసరికి నువ్వే దాన్ని రెండుగా విరిచి పెట్టినావు. వేదవల్లి నవ్వింది, “వదినా, పిలిచినప్పుడల్లా సగం పేరే పిలవాల్నా” అని. ఈ మధ్య ఆమె గొంతు గుర్తు తెచ్చుకోబోతే రావడం లేదు. అందుకే ఆడికి రాలేకపోతా ఉండా. ఆ ఇంటి గుమ్మం ఎక్కాలంటే కాళ్లు రావు. పిల్లల మీద ప్రేమ లేక కాదు, నువ్వు నమ్ము.

క్వార్టర్సు చూసి వచ్చాను. ముందు గది, వెనక వంటిల్లు, పెరట్లో జామచెట్టు. ఇద్దరికీ ఒకే మంచం సరిపోతుంది కదా?

తమ్ముడు
యతిరాజులు


రాయపురం
15-3-1955

తమ్ముడికి ఆశీస్సులు.

‘వన్ ఆఫ్ మై డాటర్స్.’ ఒక్కరి గురించే చెబుతున్నా అక్కడ బహువచనం ఉండాలి. ఆ ఒక్కరూ ఎవరిలోంచి వచ్చారో ఇంగ్లీషువాడు మరవనివ్వడు. చివర మళ్లీ ‘ఈజ్’ సరే. దాన్ని సరిగ్గా రాశావు.

ఇద్దరికి సంబంధించి ఇంకో రెండు మాటలున్నాయి. ‘ఐదర్’ అంటే ఇద్దరిలో ఎవరైనా ఒకరు. ‘నైదర్’ అంటే ఇద్దరిలో ఏ ఒక్కరూ కాదు. ముగ్గురుంటే ‘ఎనీ’, ‘నన్’. ఈసారి ఈ మాటలతో పిల్లల గురించే పది వాక్యాలు రాసి పంపు. అయిదింట్లో ఇద్దరినీ కలిపి చెప్పు. అయిదింట్లో ఒక్కరి గురించే చెప్పు.

మంగకు దగ్గు వదలలేదు. మిరియాల కషాయం అంటే పారిపోతుంది. అలమేలు ముందు తాను గుక్కెడు తాగి, “ఏం లేదే, రసం మాదిరే ఉంది” అని అబద్ధం చెప్పి తాగిస్తుంది. తర్వాత పెరట్లోకి పోయి ఉమ్మేస్తుంది.

పోయిన వారం టీకాలవాళ్లు వచ్చారు. ఇద్దరికీ వేశారు. ఒకరికి పొంగింది, ఒకరికి పొంగలేదు. పొంగితేనే టీకా పట్టినట్టట, పొంగనివారికి మళ్లీ వేస్తామన్నారు.

ఒకే మంచం వద్దు. ఎనిమిదేళ్లు వచ్చాయి. ఒకరు కాళ్లు చాపితే ఒకరు కిందపడతారు.

అక్క


ఖరగ్‌పూర్
8-4-1955

పెద్దక్కకు నమస్కారాలు.

వాక్యాలు పంపుతున్నాను. ‘నైదర్ ఆఫ్ దెమ్ హాజ్ సీన్ ఖరగ్‌పూర్.’ ‘బోత్ ఆఫ్ దెమ్ లైక్ స్వీట్స్.’ ‘ఈచ్ ఆఫ్ దెమ్ హాజ్ లాంగ్ హెయిర్.’ ‘ఐదర్ ఆఫ్ దెమ్ కెన్ రీడ్ తెలుగు.’ కామేశానికి చూపిస్తే తప్పు దొరక్క మొహం ముడుచుకున్నాడు.

కలిపి చెప్పేవి అయిదు కాదు, తొమ్మిది రాశాను. ఒక్కరి గురించే చెప్పమన్నవాటిలో ఒక్కటే రాయగలిగాను, ‘వన్ ఆఫ్ దెమ్ కాఫ్స్’ అని. అది కూడా నీ ఉత్తరంలోనిదే. ఇంగ్లీషు రాక కాదక్కా. నాకు తెలిసినవన్నీ ఇద్దరికీ కలిపి సరిపోయేవే. వాళ్లు ఈడకు వచ్చినాక మిగతా నాలుగూ రాసిస్తా.

రిబ్బన్లు పంపినాను. రెండూ ఒకటే రంగు. వేరే వేరే అయితే తగువులాడుకుంటారని.

తమ్ముడు


రాయపురం
4-5-1955

తమ్ముడికి.

నేను లోపలినుంచి చెబుతుంటే పచ్చయమ్మ పెనిమిటి ఆరోగ్యసామి వాకిట కూర్చుని రాస్తున్నాడు. ఇంట్లో అమ్మవారు పోసింది. ఇద్దరికీ. గుమ్మానికి వేపాకు కట్టాం. పొయ్యి మీద తాలింపు లేదు. మజ్జిగ, కొబ్బరినీళ్లు పోస్తున్నాను.

నువ్వు రావద్దు. అమ్మవారు దిగాక తలకు మూడో నీళ్లు పోసేదాకా పైఊరి నుంచి వచ్చిన మనిషి గడప దాటకూడదు. నీకూ తెలుసు. పిల్లల్ని పేరు పెట్టి పిలవడం లేదు. ఇద్దర్నీ ‘తల్లీ’ అనే అంటున్నాను. ఇద్దరూ పలుకుతున్నారు.

చదువు ఆపకు. ప్రార్థన చెయ్యి.

అక్క

(అయ్యా, ఇది నేను సొంతంగా రాస్తా ఉండా. అక్క మూడు దినాలుగా కూర్చునే ఉంది, పడుకోలా. మేము మాతకు కొవ్వొత్తి మొక్కుకున్నాము. ధైర్యంగా ఉండండి. ఆరోగ్యసామి.)


రాయపురం
22-5-1955

తమ్ముడికి అక్క రాసేది.

ఒక బిడ్డను అమ్మవారు తనతో తీసుకుపోయింది. ఒక బిడ్డను మనకు ఉంచింది. నిన్న మూడో నీళ్లు పోశాను.

పేరు రాయడం లేదు. మన ఇంటి ఆనవాయితీ నీకు చెప్పనక్కరలేదు. ఆడి నెలలో అమ్మవారికి అంబలి పోసేదాకా ఆ పేరు నోట అనకూడదు, కాగితం మీద పెట్టకూడదు. పిలిస్తే పోయే బిడ్డ ఆగి వెనక్కి చూస్తుందని నాయనమ్మ చెప్పేది. ఉన్న బిడ్డ పేరూ ఎత్తడం లేదు. ఒక్క పేరునే విరిచి పెట్టాం కదా. ఒకటి అంటే రెండోది నోటికి వస్తుంది.

ఆరోగ్యసామి ఎత్తుకుపోయాడు. హార్బరులో బస్తాలు మోసే మనిషి. బరువు లేదమ్మా అన్నాడు, అంతే.

స్వామి ఇచ్చినవాడు, స్వామి అడిగాడు. నేను ఎందుకని అడగడం లేదు. నువ్వూ అడగకు. పరీక్ష రాయి. ఉన్న బిడ్డకు ఇల్లు కావాలి.

అక్క


ఖరగ్‌పూర్
2-6-1955

అక్కా,

నీ ఉత్తరం లోకో షెడ్డు దగ్గర ఇచ్చినారు. ఆడనే చదివాను. చేతిలో నంబర్ల పుస్తకం ఉంది. బండి కదిలిపోయింది, నేను సగం వ్యాగన్లే రాసి ఉన్నాను. కామేశం పుస్తకం తీసుకుని మిగతాది పరిగెత్తి రాసినాడు.

నేనూ పేరు రాయను. అడగను కూడా. ఏ బిడ్డో నువ్వు చెప్పకపోయినా నా ప్రాణానికి తెలిసింది. కొన్నాళ్లుగా అదే భయం ఉండేది నాకు.

రావాలని ఉంది. పరీక్ష పదో తేదీ. నువ్వు రాయమన్నావు కాబట్టి రాస్తాను.

ఉన్న బిడ్డను జాగ్రత్తగా చూసుకో అని నీకు చెప్పడమేంటి. అయినా చెబుతున్నా.

తమ్ముడు


రాయపురం
26-6-1955

తమ్ముడికి ఆశీస్సులు.

నీ ప్రాణానికి తెలిసిందన్న మాట చదివి దేవుడి ముందు దీపం పెట్టాను. దూరాన ఉన్నా తండ్రి తండ్రే అనుకున్నాను. నేను రాయలేని మాట నీకు ఎవరో చేరవేశారు.

బిడ్డ మొహాన మచ్చలు పడ్డాయి. నొసటి మీద, ఎడమ చెంప మీద. కళ్లకు ఏమీ కాలేదు. అది గొప్ప. అన్నం పెట్టేటప్పుడు పక్కన ఇంకో ఆకు వేయమంటుంది. వేస్తున్నాను. తర్వాత ఆ ఆకు ఆవుకు వేస్తుంది. ఏమీ అడగదు. నేనూ ఏమీ చెప్పను. సాయంత్రం నా పక్కన కూర్చుని నామాలు చెబుతుంది. రెండు గొంతులు వినిపించే చోట ఒకటే వినిపిస్తే ముందు నాకు చెవిలో ఏదో అడ్డం పడ్డట్టు ఉండేది. ఇప్పుడు అలవాటవుతోంది.

బడికి పంపడం మొదలుపెట్టాను. పంతులమ్మ హాజరు పిలుస్తూ రెండు పేర్లూ చదివేసిందట. పాపం, ఆమె పొరపాటేమీ లేదు. పుస్తకంలో ఉన్నాయి. బిడ్డ రెండింటికీ పలకలేదు.

పరీక్ష ఎలా రాశావు?

అక్క


ఖరగ్‌పూర్
20-7-1955

పెద్దక్కకు నమస్కారాలు.

పాసయినాను. కామేశం కూడా పాసయినాడు. వాడే అందరికీ మిఠాయి పంచినాడు, నా పేరు మీద కూడా.

ఇంగ్లీషు పేపర్లో ‘నీ కుటుంబం’ అని పది వాక్యాలు రాయమన్నారు. ‘ఐ హ్యావ్ టూ డాటర్స్’ అని మొదలుపెట్టి కొట్టేశాను. ‘వన్ డాటర్’ అని రాశాను. అదీ కొట్టేశాను. పరీక్ష పెట్టేవాడు గడియారం చూస్తా ఉన్నాడు. మళ్లీ ‘టూ డాటర్స్’ అనే రాసి, ‘ఈచ్ ఆఫ్ దెమ్’ అని ముందుకు పోయినాను. తప్పయినా మార్కులు వచ్చినాయి.

క్వార్టర్సు ఇస్తున్నారు. వచ్చే నెలాఖరు దాటినాక సెలవు పెట్టుకుని వచ్చి బిడ్డను తీసుకొస్తా. ఆ గుమ్మం ఎక్కుతా. నా కాళ్లు ఇంక మొండికేయవు.

ఆడి నెల వచ్చింది కదా, నువ్వు అంబలి పోసే ఉంటావు. బిడ్డకు విడిగా నాలుగు మాటలు రాసినాను. దానికే ఇయ్యి.

తమ్ముడు

అమ్మా అలమేలూ,
నాయన రాస్తున్నాను. నువ్వు మొదటినుంచీ గట్టిదానివి. చెల్లి నలతబిడ్డ, అందుకని అమ్మవారు దాన్ని తన దగ్గరికి పిలుచుకుంది. నువ్వు మిగిలినావు, నాకు అదే పదివేలు. ఇంట్లో ఎవరైనా దిగులుగా ఉంటే నువ్వే ధైర్యం చెప్పేదానివని అత్త రాసేది. ఇంక నాకు నువ్వే ధైర్యం. పెరట్లో జామకాయలు నీకోసమే కాస్తా ఉండాయి.


రాయపురం
2-8-1955

తమ్ముడికి ఆశీస్సులు.

ఆదివారం అంబలి పోశాను. ఇప్పుడు పేర్లు రాయవచ్చు.

పోయింది అలమేలు. ఉన్నది మంగ.

టీకా పొంగింది మంగకే. అలమేలుకు మళ్లీ వేయించేలోపే జ్వరం వచ్చింది. గట్టిబిడ్డ అని నేనూ ఆమె పక్కన తక్కువే కూర్చున్నాను. దగ్గేబిడ్డ దగ్గరే కూర్చున్నాను. స్వామి అటువైపు నుంచి వచ్చాడు.

నీకు తెలిసిందనుకున్నాను. నువ్వూ తెలిసిందనే అనుకున్నావు. ఇద్దరమూ ఒకరినొకరం ఏమీ అడగలేదు.

నీ ఉత్తరం వచ్చినప్పుడు నేనింకా బళ్లోనే ఉన్నాను, మంగ ముందే ఇంటికి వచ్చేసింది. కాగితం మంగ చేతికి వచ్చింది. తెలుగు చదువుతుంది కదా, మొత్తం చదివింది. పచ్చయమ్మ అక్కడే వాకిట చేపల తట్ట కడుక్కుంటోంది.

“ఏమే, మీ నాయన ఏం రాసినాడు?”

“అలమేలుకు రాసినాడు.”

“నీకో?”

“నాకు రాయలా.”

పచ్చయమ్మ తట్ట వదిలేసి ఏడుస్తూ బడికి వచ్చింది. “అక్కా, ఆ మొగోడు సచ్చినదానికి జామకాయలు పెడతానంటా ఉండాడు, బతికుండేదాన్ని పూడ్చిపెట్టినాడు” అంది. నోరు కడుక్కోమన్నాను. ఇంటికి వచ్చేసరికి మంగ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బొట్టుపెట్టెలో దాచింది.

“అత్తా, నాయనకు చెప్పబాకు. నేను అలమేలు మాదిరే పోతా. ఆయనకు ఆమె ఉంటే చాలంట.”

తప్పమ్మా అన్నాను. “ఆయనకు తెలీదుగా. ఎవురికీ తెలీదుగా. మచ్చలున్నాయి కదా మొగాన” అంది.

అప్పటినుంచీ దగ్గు వస్తే పరికిణీ కొస నోట్లో కుక్కుకుంటోంది. అలమేలు పలక మీద ఎడమచేత్తో రాసేది, ఎంత కొట్టినా మానలేదు. మంగ ఇప్పుడు ఎడమచేత్తో రాస్తోంది. అక్షరాలు పడిపోతున్నాయి. చెరిపి మళ్లీ రాస్తోంది. మంగా అంటే పలకదు.

నేను చెప్పేది కాదు ఇది. నువ్వు చెప్పాలి.

అక్క


ఖరగ్‌పూర్
11-8-1955

అక్కా,

నాకు ఎప్పుడూ ఎవరు ఎవరో తెలియదు. ఇప్పుడైనా చెప్పాలి. ఆడ ఉన్న రోజుల్లోనే, వేదవల్లి “అలమేలును ఎత్తుకోండి” అంటే దగ్గరున్నదాన్ని ఎత్తుకునేవాణ్ణి. తప్పయితే ఆమె నవ్వుకుని ఊరకుండేది. ఆమె పోయినాక నన్ను దిద్దేవాళ్లు లేరు. నేనూ అడగలేదు. కన్నబిడ్డల్ని గుర్తుపట్టలేనని ఎవరితో చెప్పుకునేది? ఈడ కళ్లు మూసుకుని కూడా చెప్పగలను, ఫలానా వ్యాగను ఏ సైడింగులో ఉందో.

ఇన్నాళ్లూ మంగ కోసం ఏడ్చినాను. బక్కబిడ్డ, దగ్గుబిడ్డ, పోతే పోయిందిలే, బాధ తీరిందిలే అని కూడా ఒకరోజు అనుకున్నాను. అనుకున్నానక్కా. ఆ బిడ్డ ఉంది. అలమేలు పోయి మూడు నెలలైంది, నేను ఆమె కోసం ఒక్కరోజూ ఏడవలేదు. ఇప్పుడు మొదలుపెట్టాల్సి వచ్చింది, ఊళ్లోవాళ్లందరూ మరిచిపోయినాక.

మంగకు కాగితం రాయను. రాసిన కాగితంతోనే ఇంత జరిగింది. వచ్చి మాట్లాడతా. అంతలోపల నువ్వు నాకు రాయి. ఇద్దరి గురించి వద్దు. మంగ గురించి.

తమ్ముడు


రాయపురం
25-8-1955

తమ్ముడికి ఆశీస్సులు.

మంగ.

వేడి అన్నం తినదు, చల్లారాక తింటుంది. నెయ్యి వాసన పడదు. రైలు కూత వింటే వ్యాసర్పాడి వైపా, బీచి వైపా చెప్పేస్తుంది, ఒక్కసారీ తప్పు పోదు. కుక్కలంటే భయం, పిల్లులంటే కాదు. అబద్ధం చెప్పడం చేతకాదు. చెబితే చెవులు ఎర్రబడతాయి. అందుకే నీ దగ్గర ఎన్నాళ్లు నటించగలదో నాకు తెలియదు. నిద్రలో పళ్లు కొరుకుతుంది. లెక్కల్లో నీ తల, మొండితనంలో వేదవల్లి. కోపం వస్తే మాట్లాడదు, దుప్పటి మడతలు పెడుతుంది. నవ్వితే కుడివైపు పెదవి ముందు లేస్తుంది.

అలమేలు పక్కన ఉన్నప్పుడు ఇవేవీ కనిపించేవి కావు. అలమేలే మాట్లాడేది, అలమేలే నవ్వేది, అలమేలే తగువులాడేది. ఈమె ఆమె వెనక ఉండేది. నేను కూడా ఇవి ఈ నెలలోనే చూశాను.

ఇంకా చాలా ఉంది. మిగతాది నువ్వు చూసుకో.

అక్క


రాయపురం
1-10-1955

తమ్ముడికి ఆశీస్సులు.

క్షేమంగా చేరి ఉంటారు. ఇల్లు శుభ్రం చేశాను. రెండు పలకలూ ఎదురింటి పొన్నుతాయి మనవలకు ఇచ్చేశాను.

నువ్వు ఇక్కడున్న నాలుగు రోజులూ ఆ పిల్ల ముందు కూర్చుని మంగా, మంగా అని పిలవడం విన్నాను. పలికింది కాదు. “నాయనా, నేను అలమేలు” అంది. నువ్వు కాదంటే చెవులు ఎర్రబడ్డాయి, అయినా వదల్లేదు. నువ్వు బయటికి పోయి కొళాయి దగ్గర మొహం కడుక్కున్నావు. నేను చూశాను.

సెంట్రల్‌లో మెయిలు కదిలేటప్పుడు కిటికీలోంచి నాకు చేయి ఊపింది. ఎడమచేయి. నువ్వు ఆ వైపు చూడలేదు, కూలీతో బెడ్డింగు గురించి మాట్లాడుతున్నావు. చూసి ఉంటే బాధపడేవాడివి.

తొందరపెట్టకు. తనకు ఎవరి పేరుతో ఉంటే నీ ఇంట్లో చోటు దొరుకుతుందో అని భయపడుతోంది. అంతకుమించి ఏమీ లేదు.

పచ్చయమ్మ నీ మీద కోపం తగ్గిందని చెప్పమంది. ఎండుచేపలు పంపిస్తానంది. వద్దన్నాను, మెయిల్లో అందరూ దిగిపోతారని. నవ్వింది. ఇంట్లో చాలా రోజులకు ఒక నవ్వు.

అక్క


ఖరగ్‌పూర్
19-10-1955

పెద్దక్కకు నమస్కారాలు.

నిన్న రైల్వే బళ్లో చేర్చడానికి తీసుకుపోయినాను. తెలుగు పంతులమ్మది విశాఖపట్నం వైపు. మంచి మనిషి. మొహం మీద మచ్చలు చూసి ఏమీ అడగలేదు. కలం తీసుకుని “పాపా, నీ పేరేంటమ్మా?” అంది.

ఈ పదిహేను రోజులూ నేను మంగా అంటే ఆమె ఊరకుంటుంది. నేను ఊరకుంటే ఆమె వచ్చి పక్కన కూర్చుంటుంది. అట్లా గడిపినాం. పంతులమ్మ అడిగినప్పుడు చెప్పబోయి ఆగినాను. ఈ పిల్ల నా మొహం చూస్తా ఉంది. నేను ఏ పేరు అంటానో, అదే అవుదామని.

“అమ్మా,” అన్నాను పంతులమ్మతో, “నాకు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది అలమేలు, మే నెలలో పోయింది. అది బతికుండగా నేను దాన్ని సరిగా చూసింది లేదు. ఇంక చూడలేను. ఈ పిల్లను రోజూ చూస్తా ఉండా. వేడన్నం తినదు. నెయ్యి వాసన పడదు. నా కంటే ముందు లేచి నా బూట్లు గుమ్మం దగ్గర పెడుతుంది, ఎడమది కుడివైపు, కుడిది ఎడమవైపు. పేరు తననే చెప్పనీండి. తను ఏది చెబితే అదే నా కూతురు.”

పంతులమ్మకు ఏమీ అర్థం కాలేదు. కలం పట్టుకుని కూర్చుంది. బయట పిల్లలు ఎక్కం చెబుతా ఉన్నారు. పదమూడో ఎక్కం అయిపోయి పధ్నాలుగోది మొదలుపెట్టినారు.

“మంగ” అంది పిల్ల. “వై. మంగ.”

రాసుకున్నారు. నేను సంతకం పెట్టినాను.

బయటికొచ్చి పట్టాల పక్కన నడుస్తా ఉన్నాము. సిగ్నలు దాటినాము. తర్వాత నా వేలు లాగి అడిగింది.

“నాయనా, అలమేలును కూడా రాయించినావా?”

“లేదమ్మా.”

“రాయించు. ఆమెకు బడంటే శానా ఇష్టం.”

దీనికి ఏం చెప్పాలక్కా? నీ దగ్గర జవాబు ఉంటే రాయి.

తమ్ముడు
యతిరాజులు


రాయపురం
27-10-1955

తమ్ముడికి ఆశీస్సులు.

లేదు. నా దగ్గరా లేదు.

మళ్లీ అడుగుతుంది. అడిగినప్పుడల్లా నడక ఆపి, కూర్చుని విను.

అక్క